ముగ్గు లేని వీధి

మా కాలనీలో సిమెంటు రోడ్డు పడిన నెలకి ఇంటింటికీ ఒక కాగితం వచ్చింది. పైన లావు అక్షరాలతో "ఇంటి ముందు భాగం – పాటించవలసిన నియమాలు" అని, కింద అసోసియేషన్ ప్రెసిడెంటు గారి సంతకం. మధ్యలో పదకొండు నియమాలు. ఇంటి ముందు బట్టలు ఆరెయ్యకూడదు. గోడ మీద వడియాలు పెట్టకూడదు. ముందు వైపు చిక్కుడు పాదూ బీర పాదూ పనికిరావు, క్రోటన్ మొక్కలే పెంచాలి. గేట్లన్నీ ఒకే ఆకుపచ్చ రంగులో ఉండాలి. తొమ్మిదోది చదివాక మా అత్తగారు కళ్ళజోడు తీసి, పమిట చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చదివారు. గేటు బయట కళ్ళాపి చల్లకూడదు, ముగ్గులు వెయ్యకూడదు, సిమెంటు మీద మరకలు పడతాయి.

కావాలనుకున్నవారు గేటు లోపల స్టిక్కరు ముగ్గు అంటించుకోవచ్చునని దాని కిందే ఒక దయ చూపించారు.

"స్టిక్కరు ముగ్గేంటే?" అని అడిగారు అత్తగారు.

"ప్లాస్టిక్‌దండి. బొట్టుబిళ్ళలా అంటించెయ్యడమే."

"అయితే రేపణ్ణుంచి అన్నానికి కూడా కంచంలో బొమ్మ అంటించి పెట్టెయ్యి. వంట పని తప్పుతుంది" అని కాగితం నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయారు.

మాది కాకినాడలో ఊరి చివర, అప్పుడప్పుడే ఇళ్ళు లేస్తున్న కాలనీ. మా వీధిలో పన్నెండు ఇళ్ళు. మావారిది ఎరువుల ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం. నేను ఇంట్లో మిషను మీద జాకెట్లు కుట్టేదాన్ని. ప్రెసిడెంటు గారు ఇంజనీరుగా రిటైరైన మనిషి, మా ఎదురిల్లే ఆయనది. రోడ్డు వేయించింది ఆయనే, అందులో అబద్ధం లేదు. ఆఫీసుల చుట్టూ తిరిగి, దగ్గరుండి, నీళ్ళు పెట్టించి మరీ వేయించారు. ఆ తర్వాత ఆ రోడ్డు మీద మేం నడవడం కూడా ఆయనకి కష్టంగానే ఉండేదని నా అనుమానం.

మా అత్తగారి సంగతి చెప్పాలి. తణుకు పక్క పల్లెలో వ్యవసాయం చేసుకునే ఇంటి మనిషి. మావయ్యగారు పోయాక లోకం ఆవిడ దగ్గర్నుంచి ఒక్కొక్కటే తీసేసుకుంది. బొట్టు తీసేసింది, పూలు తీసేసింది, పేరంటాలకి పిలవడం మానేసింది. ముగ్గుని మాత్రం ఎవరూ తియ్యలేకపోయారు. తెల్లారగట్ల అయిదింటికల్లా కళ్ళాపి చల్లి, కొబ్బరి చిప్పలో పిండి పోసుకుని, నడుం వంచితే అరగంటకి గాని లేచేవారు కాదు. ఆవిడ వేసే పదిహేను చుక్కల మెలికల ముగ్గు ఒకటుంది. ఎక్కడ మొదలుపెట్టిన గీత అక్కడికే వచ్చి కలవాలి. కొస కలవకపోతే ముగ్గు కాదనేవారు. నాకు నేర్పడానికి రెండేళ్ళు పట్టింది. ప్రెసిడెంటు గారి భార్య కూడా మా గేటు దగ్గర నిలబడి ఆవిడ దగ్గరే నేర్చుకుంది. ఈ ఎదురింటావిణ్ణి నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. మెత్తటి మనిషి. తన మొగుడి మాట తనకే భయం.

కాగితం వచ్చాక కూడా అత్తగారు ముగ్గు మానలేదు. కాకపోతే కొంచెం చిన్నది చేసి, గేటుకి దగ్గరగా జరిపారు. ఆవిడ లెక్కలో అదే రాజీ. నెలగంట పెట్టిన రోజున మాత్రం ఆగలేకపోయారు. ధనుర్మాసం మొదటి రోజని పదిహేను చుక్కలూ పెట్టారు.

ముగ్గు ఇంకాస్తలో పూర్తవుతుందనగా ప్రెసిడెంటు గారు వాకింగు నుంచి వచ్చారు. చూశారు. తిన్నగా తన గేటులోకి వెళ్ళి, వాచ్‌మన్‌ని పిలిచి, మొక్కలకి నీళ్ళు పట్టే పైపు బయటికి లాగించారు. పాలు తీసుకోవడానికి వచ్చిన వాళ్ళందరూ గేట్ల దగ్గర ఉన్నారు. ఆయన మా అత్తగారితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆవిడ తల మీదుగా నా వైపు చూసి, "చదువుకున్నవాళ్ళు, మీరైనా పెద్దావిడకి చెప్పుకోవాలి కదమ్మా" అన్నారు.

వాచ్‌మన్ నీళ్ళు వదిలాడు.

"కొస కలవలేదు బాబూ" అన్నారు మా అత్తగారు. "ఒక్క గీత ఉంది. కలిపాక కడుక్కుందురుగాని."

ఆయన ఆగమనలేదు. తెల్లటి నీళ్ళు ఆవిడ పాదాల మీదుగా వెళ్ళి కాలవలో పడ్డాయి. ఆవిడ కొబ్బరి చిప్ప పట్టుకుని అలాగే వంగి ఉండిపోయారు. నేను వెళ్ళి భుజం పట్టుకుంటే గాని లేవలేదు. ఆ వీధిలో అంతమంది ఉన్నాం, ఒక్కరం నోరు తెరవలేదు. నేను కూడా తెరవలేదు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ ఉంది, దాన్నంతా తీసుకెళ్ళి ఆయన ఖాతాలోనే వేశాను.

పండగ వెళ్ళగానే అత్తగారు తణుకులో మా బావగారింటికి పంపించెయ్యమన్నారు. వాళ్ళది మేడ మీద వాటా. అక్కడ ముగ్గు వెయ్యడానికి నేలే లేదు. ఫాల్గుణంలో ఒక మధ్యాహ్నం నిద్రలోనే పోయారు. ఆయన చంపేశారని నేననను, అంత పిచ్చిదాన్ని కాను. ఆవిడ చేతిలో మిగిలిన ఆ ఒక్క కొబ్బరి చిప్పనీ లాగేసుకున్నది ఆయనేనని మాత్రం ఎక్కడైనా అంటాను.

కర్మకాండ అంతా తణుకులోనే. మా అమ్మాయికి పరీక్షలున్నాయని నేను దాన్ని తీసుకుని అయిదో రోజున కాకినాడ వచ్చేశాను. మైలలో ఉన్నాను కదా, వాకిలి ఊడ్చి ఊరుకున్నాను. ఆ పైపు సంగతి తర్వాత వీధిలో అందరూ ముగ్గులు గేటు లోపలికి మార్చుకున్నా, నేను బయట ఓ మూల నాలుగు చుక్కలు పెడుతూనే ఉన్నాను; ఇప్పుడు అదీ లేదు, కళ్ళాపీ లేదు. మా వైపు ఎవరికీ ఇది చెప్పనక్కర్లేదు. పొద్దున్నే ఏ గుమ్మం ముందు ముగ్గు లేకపోతే ఆ ఇంట్లో ఏం జరిగిందోనని ఆగి అడుగుతారు. పాలవాడు అడిగాడు. కూరలమ్మి బుట్ట దించి, నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

ఆ మర్నాడు ప్రెసిడెంటు గారు రిజిస్టరు చంకలో పెట్టుకుని మా గేటు దగ్గర ఆగారు. నేను మెట్ల మీద కూర్చుని ఉన్నాను. తలకి నూనె లేదు, దువ్వెన పెట్టి అయిదారు రోజులైంది. ఆయన నన్ను చూడలేదు, రోడ్డు చూశారు. మొహం విచ్చుకుంది.

"ఇప్పుడు బావుందమ్మా! చూడండి ఎంత శుభ్రంగా ఉందో. ఇన్నాళ్ళకి మీరు కూడా కోఆపరేట్ చేశారు. చాలా సంతోషం" అన్నారు.

రిజిస్టరులో ఏదో టిక్కు పెట్టుకుని వెళ్ళిపోయారు.

నేను చెప్పొచ్చు. మా అత్తగారు పోయారండీ అంటే ఆ మనిషి అక్కడే చచ్చినంత పనయ్యేది, క్షమాపణలు చెప్పుకునేవారు, నేను పరవాలేదండీ అనాల్సి వచ్చేది. అందుకే చెప్పలేదు. ఆ మాటని అక్షరం పోకుండా దాచుకున్నాను. తర్వాత ఆయనకి ఎవరి ద్వారానో కబురు తెలిసే ఉంటుంది, పిన్నిగారు పదిహేనో రోజున వచ్చి కూర్చుని ఏడ్చి వెళ్ళింది. తను నాతో ఏమన్నారో మాత్రం ఆయన పూర్తిగా మర్చిపోయారు. నేను మర్చిపోలేదు. ఏడాది పొడుగునా గేటు బయట చుక్క కూడా పెట్టకుండా, ఊడ్చి ఊరుకునేదాన్ని. కనిపించినప్పుడల్లా ఆయన నన్ను మెచ్చుకున్నట్టు తల ఊపేవారు. నేనూ ఊపేదాన్ని.

సంవత్సరీకం దాటి రెండు నెలలయ్యాక ఆయనకి షష్టిపూర్తి వచ్చింది. అంతకుముందు చలికాలంలోనే గుండెల్లో నొప్పి వచ్చి వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. అరవయ్యో ఏడు గండం అంటారు కాబట్టి ఈ షష్టిపూర్తి బాగా జరగాలని ఇంటిల్లిపాదికీ భయమూ భక్తీనూ. సామర్లకోట నుంచి చెల్లెలు, తణుకు నుంచి బావమరుదులు, అందరూ వస్తున్నారు. వీధిలో ఆడవాళ్ళ జాకెట్లన్నీ నా మిషను మీదే ఉన్నాయి.

ముందు రోజు సాయంత్రం భార్యాభర్తలిద్దరూ మా ఇంటికి వచ్చారు. బొట్టు పెట్టి పిలిచాక ఆయన గొంతు సవరించుకున్నారు.

"రేపు ఒక్కరోజుకీ గేటు బయట ముగ్గులు వేసుకోవచ్చమ్మా. బంధువులొస్తున్నారు, వీధి కళగా ఉండాలి కదా. మీరు జాకెట్లు ఇచ్చేటప్పుడు అందరికీ ఓ మాట చెప్పండి."

"మరి తొమ్మిదో రూలండీ?"

"అది మనం పెట్టుకున్నదే కదమ్మా!" అని నవ్వారు.

మనం అట. ఆ మాటకి నా ఒళ్ళు మండిపోయింది. నవ్వు మాత్రం చెరగనివ్వలేదు.

పిన్నిగారు నా చెయ్యి పట్టుకుంది. "అమ్మాయ్, మా గేటు ముందు నువ్వే వెయ్యాలి. మీ అత్తగారి ముగ్గు. నాకీ మధ్య చెయ్యి వణుకుతోంది, ఆ మెలికలు తిరగవు. నాలుగున్నరకల్లా బకెట్టూ పిండీ గేటు దగ్గర పెట్టి ఉంచుతాను. వస్తావుగా?"

"వస్తాను పిన్నిగారూ" అన్నాను.

రానని తెలిసే అన్నాను. ఇందులో నాకు నేను ఏ సర్దుబాటూ చెప్పుకోలేదు, ఇప్పుడూ చెప్పుకోను.

ఆ సాయంత్రం జాకెట్ల కోసం ఒక్కొక్కరే వచ్చారు. ఆ పదకొండు నియమాల్లో ఏదో ఒకటి తగలని ఇల్లు లేదు. మూలింటావిడ చిక్కుడు పందిరిని కాయల మీద ఉండగా పీకించారు. పక్కింటి టీచరు గారి వడియాలు గుడ్డతో సహా చుట్టి మెట్ల మీద పడేయించారు. నేను పెద్దగా చెప్పిందేమీ లేదు. ఆయన గారు సరదాగా ఒక్కరోజు వదిలేశారుట, మనం వదలొద్దు, రేపు కూడా రూలు పాటిద్దాం అన్నాను.

"అంతేనా?" అంది టీచరు గారు.

"అంతేనండి. మనమేం తప్పు చెయ్యట్లేదు. సంతకం పెట్టిన కాగితం ఉంది."

మూలింటావిడ కొంచెం జంకింది. "శుభకార్యం రోజు కదండీ, పాపం తగలదూ?"

"తగిలితే తొమ్మిదో నియమానికి తగులుతుంది. మనకెందుకు?" అన్నాను. ఆవిడ జాకెట్టు మడిచి పట్టుకుని నవ్వుకుంటూ వెళ్ళింది.

మర్నాడు అయిదున్నరకి నేను గేటు దగ్గర పాలగిన్నెతో నిలబడ్డాను. వీధి ఈ కొస నుంచి ఆ కొసకి కడిగిన పళ్ళెంలా ఉంది. ఒక్క చుక్క లేదు. ఎదురింటి ముందు రాత్రే వేసిన తెల్ల షామియానా, వరసగా కుర్చీలు. అరటి బోదెలూ మామిడాకులూ బంతిపూలూ కడియం నుంచి ఏడింటికి రావాలి, ఇంకా రాలేదు. గోడవారన వంటవాళ్ళు కట్టెలు పేర్చి ఉంచారు, పొయ్యి పొగ షామియానా కింద నిండిపోయింది. పంచెలు కట్టుకుని, భుజాన తువ్వాళ్ళు వేసుకున్న మగవాళ్ళు ఇద్దరు ముగ్గురు కుర్చీల్లో నిద్రమొహాలతో మాట్లాడకుండా కూర్చున్నారు. ఇదంతా ఇలా కలిసొస్తుందని నేను కూడా అనుకోలేదు. బంధువులు వచ్చి, వీధి బోసిగా ఉందని మొహం చిట్లిస్తే చాలనుకున్నాను.

షామియానా గుంజలు అడ్డమని ఆటో వీధి మొదట్లోనే ఆగింది. సామర్లకోట చెల్లెలు గారు దిగారు, రూళ్ళొచ్చాక ఆవిడ ఈ వీధికి రావడం అదే మొదలు. పట్టుచీర, చేతిలో పూల బుట్ట. వెనకాల సామాన్లు దింపుతూ ఆవిడ భర్త. నాలుగిళ్ళు నడిచేసరికి ఆవిడ అడుగు నెమ్మదించింది. అటు చూసింది, ఇటు చూసింది. షామియానా చూసింది. కట్టెలు చూసింది. పూలబుట్ట చేతిలోంచి జారిపోయింది. పొయ్యి దగ్గరున్న వంటవాడి ముందు నిలబడి, వినీ వినిపించని గొంతుతో అడిగింది.

"ఎప్పుడు బాబూ?"

పొయ్యి ఎప్పుడు వెలిగించారని అడుగుతోందనుకున్నాడు వాడు. "తెల్లారగట్ల నాలుగింటికమ్మా" అన్నాడు.

"అన్నయ్యా!" అని ఆవిడ పెట్టిన కేకకి వీధిలో గేట్లన్నీ తెరుచుకున్నాయి. "ఒక్కరోజు ఆగలేకపోయావా అన్నయ్యా! నా చేత్తో హారతి పడదామనుకున్నానే!" గుండెలు బాదుకుంటూ సిమెంటు రోడ్డు మీద కూలబడిపోయింది.

కుర్చీల్లో వాళ్ళు లేచి పరిగెత్తారు. పురోహితుడు గారు లోపల్నుంచి సగం మంత్రంతో వచ్చారు. ఆయన వెనకాల ప్రెసిడెంటు గారు. ఒళ్ళంతా నువ్వుల నూనె, నలుగుపిండి, నడుముకి ఒక తుండుగుడ్డ. చెల్లెలు ఆయన్ని చూసి ఇంకా గట్టిగా అరిచింది. తర్వాత ఆయన కాళ్ళు పట్టుకుని, ఉన్నాడని నమ్మకం కుదిరేదాకా వదల్లేదు. మంగళస్నానం వేళకి ఇంటి ముందు శోకం వినపడ్డాక ముహూర్తం పనికిరాదని, శాంతి చేసి మళ్ళీ మొదలుపెట్టాలని పురోహితుడు గారు అన్నారు. ఆ మాటకి ప్రెసిడెంటు గారి చెయ్యి గుండె మీదకి వెళ్ళింది. మొహం పాలిపోయింది.

"ముగ్గు లేదు కదా అన్నయ్యా" అని వెక్కుతూ చెప్పింది చెల్లెలు. "ఒక్క ఇంటి ముందూ ముగ్గు లేదు. వీధి వీధంతా. నేనింకేమనుకోవాలి?"

అప్పుడాయన వీధి చూశారు. మొదటి నుంచి చివరి దాకా చూసి, ఆఖరికి నా దగ్గర ఆగారు.

"ఏంటమ్మా ఇది? నిన్న చెప్పాను కదా?"

నేను గేటు దాటి రెండడుగులు ముందుకి వచ్చాను. ఏడాది మీద రెండు నెలలు నోట్లో పెట్టుకున్న మాట, తడబడకుండా వచ్చింది.

"చూడండి ఎంత శుభ్రంగా ఉందో. ఇన్నాళ్ళకి అందరం కోఆపరేట్ చేశామండి. చాలా సంతోషం."

ఆయనకి అర్థం కాలేదు. అందుకని విడమర్చి చెప్పాను.

"ఇది మీరు నాతో అన్న మాటేనండి. నిరుడు ఫాల్గుణంలో, ఈ గేటు దగ్గరే. అప్పటికి మా అత్తగారు పోయి ఆరో రోజు, నేను మైలలో ఉన్నాను. ముగ్గు లేని గుమ్మం చూసి మా పాలవాడికి తెలిసింది, కూరలమ్మికి తెలిసింది, ఇవాళ మీ చెల్లెలు గారికి తెలిసింది. మీ ఒక్కరికే తెలియలేదు."

ఆయన తుండుగుడ్డ గట్టిగా పట్టుకుని అలాగే నిలబడ్డారు. నలుగుపిండి ఎండి బుగ్గ మీద పగుళ్ళు పడింది. ఆ మొహాన్ని నేను తనివితీరా చూశాను. ఇది రాస్తున్నప్పుడు కూడా చూస్తున్నాను. మా అత్తగారి పాదాల మీదుగా పోయిన నీళ్ళకి అది సరిపోయిందా అంటే, దాదాపు సరిపోయింది.

అప్పుడు కనిపించింది పిన్నిగారు. గేటు స్తంభం వారన, పక్కన బకెట్టుతో, చేతిలో పిండి గిన్నెతో నిలబడి ఉంది. తలంటు పోసుకున్న తడి జుట్టు ముడి వేసుకుని, పసుపు బట్టలు కట్టుకుని ఉంది. నాలుగున్నర నుంచి అక్కడే ఉందట. పనిమనిషి వేస్తానంటే వద్దని, వస్తానంది, వస్తుంది అందిట. ఆ సంగతి తర్వాత పనిమనిషే నాకు చెప్పింది.

పిన్నిగారు కొంగు దోపుకుంది. అందరూ చూస్తుండగా కళ్ళాపి చల్లి, వంగుని చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. పదిహేను చుక్కలు, మా అత్తగారి ముగ్గు. చెయ్యి వణికిపోతోంది. గీత ఒక చోట లావు, ఒక చోట సన్నం. మెలికలు తప్పాయి. చివరికి వచ్చేసరికి ఎక్కడ మొదలుపెట్టిందో ఆ చోటు దొరకలేదు. గిన్నె పట్టుకుని వెతుక్కుంటూ అలాగే వంగి ఉండిపోయింది. సరిగ్గా అలా వంగి ఉండిపోయిన మనిషిని ఆ రోడ్డు మీద నేను అంతకుముందు ఒక్కసారే చూశాను.

కొస ఎక్కడ కలపాలో నాకు కనిపిస్తూనే ఉంది. నాలుగడుగులు వేసి చిటికెడు పిండితో కలపొచ్చు. నేను వెళ్ళలేదు. ఆయన అక్కడే నిలబడి ఉన్నారు, ఆయన ముందు నేను వంగను. పాలగిన్నె తీసుకుని లోపలికి వచ్చి తలుపేసుకున్నాను.

శాంతి చేసుకున్నారు, షష్టిపూర్తి మధ్యాహ్నానికి జరిగింది. వీధిలో వాళ్ళందరూ నేను కుట్టిన జాకెట్లు తొడుక్కుని భోజనాలకి వెళ్ళారు. నేను వెళ్ళలేదు. ఆ తర్వాత తొమ్మిదో నియమం మాట ఎవరూ ఎత్తలేదు. మూలింటావిడ మళ్ళీ చిక్కుడు గింజ పెట్టింది. ప్రెసిడెంటు గారు ఇప్పటికీ వాకింగుకి వెళ్తారు. నా ముగ్గు దగ్గరికి రాగానే పక్కకి జరిగి, తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్తారు. అది చూడడానికే నేను ఒక్కోరోజు ముగ్గు రోడ్డు మధ్యదాకా వేస్తాను.

ఎదురుగా పిన్నిగారు కూడా రోజూ వేస్తుంది. చిన్న ముగ్గు, అయిదు చుక్కలది. ఇద్దరం ఒకే వేళకి ఎదురెదురుగా వంగుని ఉంటాం. ఆవిడ తలెత్తదు. పిన్నిగారూ అని పిలవడానికి నాకు నోరు రాదు.

ఆయన్ని మళ్ళీ అలా నలుగుపిండితో నడి వీధిలో నిలబెట్టే అవకాశం వస్తే, మళ్ళీ నిలబెడతాను. ఆవిడతో మాత్రం వస్తానని చెప్పను.